గగనంలో గంట, నేలపై మూడు గంటలు: పావగడకు విమానాశ్రయం ఎంత దూరం?

పావగడ తాలూకాలోని పల్లెల్లో ఇటీవలి సంవత్సరాలలో ఒక ప్రశ్న తరచుగా వినవస్తున్నది. ఇంటిలో పెద్దదిక్కు కన్నుమూసినప్పుడు, బంధువులంతా గుమిగూడిన వేళ, ఊరిపెద్ద ఒకరు అడిగే ప్రశ్న అది: "అబ్బాయి ఎన్ని గంటలకు వస్తాడు?" ఆ అబ్బాయి ఉండేది బెంగుళూరులో అయితే సమాధానం సులభం. హైదరాబాదు, ఢిల్లీ, దుబాయి, అమెరికా అయితే ఎవరో ఒక యువకుడు సెల్‌ఫోను తీసి చూచి, "విమానం నాలుగు గంటలే", "పదహారు గంటలే" అని చెబుతాడు. ఆ మాటను నమ్మి అంత్యక్రియలకు వేళ నిర్ణయిస్తారు. చెప్పిన వేళకు కొడుకు రాడు. ఎండ ముదురుతుంది, ఐసుపెట్టె అద్దె పెరుగుతుంది, బంధువులు తిరుగు బస్సుల కోసం తొందరపడతారు. తప్పు ఎవరిదీ కాదు. సెల్‌ఫోను చెప్పినది రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని మాత్రమే. పల్లెకు కావలసినది ఒక ఇంటి గడప నుండి మరొక ఇంటి గడప దాకా ఉన్న దూరం.

ఈ రెండు దూరాల మధ్య గల వ్యత్యాసమే సరిహద్దు ప్రాంతపు ప్రయాణ సమస్యకు మూలం. బెంగుళూరుకు రెండవ విమానాశ్రయం ఎక్కడ నిర్మించాలన్న చర్చ సాగుతున్న తరుణంలో, ఈ లెక్కను పావగడ వైపు నుండి కూడా వేసి చూడవలసిన అవసరం ఏర్పడినది.

పట్టికలో కనిపించే దూరం

బెంగుళూరు దేవనహళ్లి విమానాశ్రయం నుండి హైదరాబాదు శంషాబాదుకు ఆకాశమార్గంలో సుమారు 455 కి.మీ. ప్రయాణకాలం గంటా పది నుండి గంటా ఇరవై నిమిషాలు. ఢిల్లీకి సుమారు 1,700 కి.మీ., రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. దుబాయికి సుమారు 2,700 కి.మీ., నాలుగు గంటలు. కువైటుకు సుమారు 3,540 కి.మీ., దాదాపు అయిదు గంటలు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 13,990 కి.మీ., ఎక్కడా ఆగకుండా పోతే గాలి వాటమును బట్టి పదహారు నుండి పదిహేడు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి.

ఈ అంకెలను పోల్చి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. గంటకు ఎనిమిది, తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి హైదరాబాదు అరగంట పైచిలుకు దూరమే కావాలి. అయినా కాలపట్టికలో గంటకు పైగా చూపుతారు. విమానం తలుపు మూసి కదిలినది మొదలు, మరొక చోట నిలిచేవరకు గల కాలాన్నంతా విమానసంస్థలు ప్రయాణకాలంగా లెక్కిస్తాయి. రన్‌వే వద్ద వంతు కోసం వేచి ఉండటం, పైకి ఎక్కడం, దిగేముందు గాలిలో చుట్టు తిరగడం అన్నీ ఇందులో భాగమే. దూరం తక్కువైన కొద్దీ ఈ అదనపు నిమిషాల వాటా పెరుగుతుంది.

గుండ్రని భూమిపై దారి

బడిలో గోడకు వేలాడే పటం చూచినవారికి అమెరికా పడమటి దిక్కున ఉన్నట్లు కనిపిస్తుంది. కాని భూమి గుండ్రనిది. గ్లోబుపై బెంగుళూరు వద్ద ఒక దారపు కొసను పట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగితే ఆ దారం పడమటికి పోదు, ఉత్తరంగా ధ్రువం చెంతకు పోతుంది. రెండు నగరాల మధ్య అతి దగ్గర దారి అదే.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగుళూరుల మధ్య మొదటిసారి ఎక్కడా ఆగని విమానాన్ని నడిపినప్పుడు ఈ దారి వార్తలకెక్కినది. జనవరి 9న అక్కడ బయలుదేరిన ఆ విమానం 11వ తేదీ తెల్లవారుజామున దేవనహళ్లిలో దిగినది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే దానిని నడిపారు. వారిలో ఒకరు కెప్టెన్ పాపగారి తన్మయి. ఉత్తర ధ్రువం మీదుగా సాగిన ఆ మార్గం సుమారు 16,000 కి.మీ. అని అప్పట్లో ప్రకటించారు. నేరుదూరం 13,990 కి.మీ. మాత్రమే గదా అని ఎవరైనా అడుగవచ్చు. ఆకాశంలో కూడా మలుపులున్నాయి. ఎదురుగాలిని తప్పించుకోవడానికి, అవసరమైతే దిగగల విమానాశ్రయాలకు దగ్గరగా ఉండటానికి, నిషిద్ధ గగనతలాలను విడిచిపోవడానికి విమానాలు చుట్టు తిరుగుతాయి.

గగనతలాల మూసివేత ఎంతటి ప్రభావం చూపుతుందో 2025లో తేటతెల్లమైనది. పహల్గామ్ ఘటన అనంతరం ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసినది. ఢిల్లీ నుండి ఐరోపా, అమెరికాలకు పోయే భారత విమానాలు అరేబియా సముద్రం మీదుగా మళ్లవలసి వచ్చి ప్రయాణకాలం పెరిగినది. అదే సంవత్సరం జూన్ 23న కతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసినప్పుడు దోహా మీదుగా పోవలసిన ప్రయాణికులు ఎక్కడివారక్కడ చిక్కుకున్నారు. దూరదేశపు విమానసేవలు ఇట్టి కారణాల వలన, విమానాల లభ్యతను బట్టి మొదలవుతూ, ఆగుతూ ఉంటాయి. నిరుడు ఉన్న నేరు విమానం ఈ ఏడు ఉంటుందన్న భరోసా లేదు. కావున పాత లెక్కతో వేళ నిర్ణయించుకోరాదు.

టికెట్టుపై ఉన్న గడియారం

పల్లెల్లో మరొక పొరపాటు టికెట్టుపై ముద్రించిన వేళల వలన కలుగుతున్నది. బయలుదేరే వేళను ఆ ఊరి గడియారం ప్రకారం, దిగే వేళను దిగే ఊరి గడియారం ప్రకారం ముద్రిస్తారు. దుబాయి గడియారం మనకంటె గంటన్నర వెనుక, కువైటు రెండున్నర గంటలు వెనుక. శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక.

చలికాలంలో బెంగుళూరులో మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కినవాడు పదహారు గంటలు ప్రయాణించి, అదే తేదీన సాయంత్రం నాలుగున్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతాడు. టికెట్టు చూచినవారికి రెండున్నర గంటల ప్రయాణంగా తోస్తుంది. తిరుగు ప్రయాణం ఇందుకు విరుద్ధం. అక్కడ 1వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు ఎక్కినవాడు పదిహేడు గంటలు ప్రయాణించి, ఇక్కడ 3వ తేదీ తెల్లవారుజామున మూడున్నరకు దిగుతాడు. "ఒకటో తేదీన బయలుదేరినాడు, రెండో తేదీకి రాలేదే" అని కలవరపడే తల్లిదండ్రులకు ఈ తిరకాసు ముందే తెలిసి ఉంటే ఆందోళన తగ్గుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు నిజమైన సమాధానం లెక్కించవచ్చు. ఇక్కడ 2వ తేదీ ఉదయం ఆరు గంటలకు దుర్వార్త చేరవేస్తే అక్కడ 1వ తేదీ సాయంత్రం నాలుగున్నర. ఆ రాత్రి తొమ్మిదింటి నేరు విమానంలో చోటు దొరికినదనుకుందాం. 3వ తేదీ తెల్లవారుజామున మూడున్నరకు దేవనహళ్లిలో దిగి, పాసుపోర్టు తనిఖీ, లగేజీ ముగించుకొని బయటికి వచ్చేసరికి అయిదు. అక్కడి నుండి కారులో మూడు గంటలు. పల్లె చేరేది ఎనిమిదింటికి. అన్నీ కలిసివస్తే ఇరవైయారు గంటలు. నేరు విమానం లేక, దుబాయిలోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్టులోనో మారవలసి వస్తే ముప్పై నుండి ముప్పైయైదు గంటలు పట్టడం సహజం. "పదహారు గంటలే" అన్న మాటకు, ఈ లెక్కకు ఎంత వ్యత్యాసమో చూడండి.

హైదరాబాదు చెప్పే పాఠం

దూరదేశాల సంగతి అటుంచి, హైదరాబాదునే తీసుకుంటే పావగడ పరిస్థితి మరింత స్పష్టమవుతుంది. పావగడ నుండి పెనుకొండ, అనంతపురం, కర్నూలు మీదుగా హైదరాబాదుకు రోడ్డుమార్గం సుమారు 450 కి.మీ. విమానంలో పోదలచినవారు ముందుగా హైదరాబాదుకు వ్యతిరేక దిశలో, దక్షిణంగా సుమారు 140 కి.మీ. ప్రయాణించి దేవనహళ్లి చేరాలి. అక్కడ విమానం ఎక్కితే అది మళ్లీ ఉత్తరానికే సాగుతుంది. దేవనహళ్లి నుండి శంషాబాదుకు పటంపై నేరుగీత గీస్తే అది పుట్టపర్తి సమీపం నుండే పోతుంది. అనగా పావగడ ప్రయాణికుడు మూడు గంటలు వెనుకకు నడచి, డబ్బు చెల్లించి, తన ఊరికి తూర్పున ఉన్న ఆకాశం మీదుగానే ముందుకు పోతున్నాడన్నమాట.

కాలం లెక్క చూస్తే: దేవనహళ్లికి మూడు గంటలు, విమానానికి రెండు గంటల ముందు చేరుట, గాలిలో గంటా పదిహేను నిమిషాలు, దిగి బయటికి రావడానికి అరగంట. మొత్తం ఆరు గంటల నలభై అయిదు నిమిషాలు. కారులో నేరుగా పోతే ఏడెనిమిది గంటలలో శంషాబాదు వస్తుంది. ఆ జాతీయ రహదారి శంషాబాదు మీదుగానే నగరంలోకి పోతుంది. ఇంత ఖర్చుతో మిగిలేది గంటసేపు మాత్రమే. మొత్తం ప్రయాణంలో విమానం గాలిలో గడిపే కాలం అయిదవ వంతు కూడా కాదు.

ఢిల్లీకి లెక్క మారుతుంది. మూడు, రెండు, రెండు ముప్పావు, అరగంట కలిపి ఎనిమిది గంటల పదిహేను నిమిషాలు. రైలులో ఒకటిన్నర రోజు పట్టే దారికి ఇది మేలే. ఇక్కడ విమానకాలం మూడవ వంతు. శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయే నేరు విమానంలో ఆ వాటా మూడింట రెండు వంతులకు చేరుతుంది. సారాంశమేమనగా, గమ్యం దగ్గరయ్యే కొద్దీ నేలపై దూరమే ప్రధానమవుతుంది. సరిహద్దు పల్లెల నుండి చదువుకు, ఉద్యోగానికి, వైద్యానికి ఎక్కువమంది పోయేది దగ్గరి నగరాలకే గనుక, ఈ ప్రాంతానికి అసలు సమస్య ఆకాశంలో లేదు, రోడ్డుపైనే ఉన్నది.

2008 తెచ్చిన మార్పు

ఈ దూరం మునుపు ఇంకా ఎక్కువ. 2008 మే 24న దేవనహళ్లి విమానాశ్రయం ప్రారంభమయ్యే వరకు బెంగుళూరు ప్రయాణిక విమానాలన్నీ నగరం లోపలి హెచ్ఏఎల్ విమానాశ్రయం నుండే నడిచేవి. పావగడ వారు నగరాన్ని అడ్డంగా దాటి తూర్పు భాగానికి పోవలసి వచ్చేది. విమానాశ్రయం ముప్పై కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి తరలినప్పుడు నగరవాసులు దూరమైనదని ఆక్షేపించారు. ఉత్తర సరిహద్దులోని పావగడ, మడకశిర, హిందూపురం, పెనుకొండలకు మాత్రం అదే మేలైనది. నగరం చొరకుండానే విమానాశ్రయం చేరే వీలు కలిగినది. అదే సంవత్సరం మార్చిలో శంషాబాదు విమానాశ్రయం కూడా మొదలైనది.

అయితే ఈ మేలు సొంత కారు గలవారికి, అద్దె కారు భరించగలవారికి మాత్రమే పూర్తిగా అందినది. బస్సును నమ్ముకున్నవారు మధుగిరి, కొరటగెరె మీదుగా బెంగుళూరు మెజస్టిక్ చేరి, అక్కడ వాయువజ్ర బస్సు పట్టి తిరిగి ఉత్తరానికి 35 కి.మీ. రావలసిందే. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకం కింద కర్ణాటక మహిళలకు సాధారణ బస్సులలో ఉచిత ప్రయాణం లభించినది. ఆ ఉచితం మెజస్టిక్ వరకే. వాయువజ్రకు డబ్బు చెల్లించాలి. విమానం ఎక్కే కొడుకును సాగనంపడానికి పోయే తల్లికి, 140 కి.మీ. దూరం కాస్తా 190 కి.మీ. అవుతున్నది. తెలిసినవారు హిందూపురం, పెనుకొండల వైపు దాటి జాతీయ రహదారిపై పోయే ఆంధ్ర బస్సు ఎక్కి దేవనహళ్లిలో దిగుతారు. అక్కడి నుండి విమానాశ్రయం కొద్ది కిలోమీటర్లే. కాని రాత్రివేళల బరువైన పెట్టెలతో ఇది అందరికీ సాధ్యం కాదు. అద్దెకారు ఆంధ్ర భూభాగం మీదుగా పోవాలంటే పర్మిటు సరిగా ఉండాలి. లేకుంటే దారిలో కాలహరణం తప్పదు.

నూట యాభై కిలోమీటర్ల వలయం

దేవనహళ్లి విమానాశ్రయానికి సంబంధించి కేంద్ర ప్రభుత్వం, నిర్మాణసంస్థ 2004 జూలైలో చేసుకున్న ఒప్పందంలో ఒక నిబంధన కలదు. విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి ఇరవైయైదు సంవత్సరాల వరకు, అనగా 2033 మే వరకు, నేరుదూరంలో 150 కి.మీ. లోపల మరొక అంతర్జాతీయ విమానాశ్రయానికి అనుమతి ఇవ్వరాదు. మైసూరు, హాసన్‌లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఈ దూరాన్ని రోడ్డుపై కాక ఆకాశంలో కొలుస్తారన్నది గమనార్హం. పావగడ పట్టణం దేవనహళ్లికి నేరుదూరంలో సుమారు 110 కి.మీ. శిరా సుమారు 106 కి.మీ. పుట్టపర్తి విమానాశ్రయం కూడా దాదాపు 106 కి.మీ. మూడూ ఆ వలయం లోపలివే. 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించిన హొసూరు విమానాశ్రయం కూడా ఈ వలయంలోనే పడుతుంది. రాష్ట్రాల సరిహద్దులు ఈ వలయానికి అడ్డు కావు. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు మూడింటికీ ఒకే నియమం వర్తిస్తుంది.

2033 దూరమని తోచవచ్చు. కాని దేవనహళ్లి స్థలాన్ని ఎంపిక చేసినది 1991లో. నిర్మాణం మొదలైనది 2005లో. తొలి విమానం ఎగిరినది 2008లో. ఆలోచనకు, ఆచరణకు నడుమ పదిహేడేళ్లు గడిచినవి. కావున 2033 తరువాతి విమానాశ్రయం ఎక్కడ అన్నది ఇప్పటి చర్చలోనే తేలుతుంది. ఆ చర్చలో మాట్లాడనివారి ఊరు పటంలోకి ఎక్కదు.

రెండవ విమానాశ్రయం: పావగడ నుండి కొలిస్తే

కర్ణాటక ప్రభుత్వం మూడు స్థలాలను ప్రతిపాదించగా భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ బృందం 2025 ఏప్రిల్‌లో వాటిని పరిశీలించినది. కనకపుర రోడ్డులోని చూడహళ్లి, సోమనహళ్లి రెండు, కుణిగల్ రోడ్డులో నెలమంగల సమీపంలోని స్థలం మూడవది. వీటికి బదులుగా శిరా వద్ద విమానాశ్రయం నిర్మించాలని శిరా శాసనసభ్యుడు టి.బి. జయచంద్ర కోరుతూ వచ్చారు. ఉత్తర, మధ్య కర్ణాటక జిల్లాలకు అది అందుబాటులో ఉంటుందన్నది ఆయన వాదం.

ఈ నాలుగింటినీ పావగడ నుండి నేరుదూరంలో కొలిచి చూస్తే ఫలితం ఇలా ఉంటుంది. కనకపుర రోడ్డు స్థలాలు దాదాపు 145 కి.మీ. అంటే ఇప్పటి దేవనహళ్లి కంటె దూరం. పైగా నగరాన్ని దాటిపోవాలి. నెలమంగల సుమారు 111 కి.మీ. అంటే దేవనహళ్లితో సమానం. కొత్త విమానాశ్రయం వచ్చినా పావగడకు ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. శిరా మాత్రమే సుమారు 57 కి.మీ. అంటే దాదాపు సగం.

తుమకూరు జిల్లా నాయకులు "జిల్లాకు విమానాశ్రయం వస్తే అందరికీ మేలు" అంటున్నప్పుడు పావగడ ప్రజలు ఈ అంకెలను ముందుంచుకోవాలి. తుమకూరు పట్టణానికి నెలమంగల దగ్గర కావచ్చు. మూడువైపులా ఆంధ్రతో చుట్టబడిన పావగడకు అది దగ్గర కాదు. జిల్లా పేరు ఒకటే అయినంత మాత్రాన దూరం ఒకటి కాదు.

శిరా అంటే శిరాకు కూడా చిక్కులున్నవి. బెంగుళూరు నగరంలోని ప్రయాణికులకు అది చాలా దూరం. విమానసంస్థలు ప్రయాణికులున్న చోటికే విమానాలు నడుపుతాయి. భవనం కట్టినంత మాత్రాన విమానం రాదు. ఈ మాటకు పొరుగునే ఒక ఉదాహరణ కలదు.

పుట్టపర్తి ఎందుకు చాలలేదు?

పావగడకు అన్నిటికంటె దగ్గరగా ఉన్న విమానాశ్రయం దేవనహళ్లి కాదు, పుట్టపర్తి. నేరుదూరం సుమారు 55 కి.మీ., రోడ్డుపై 80 కి.మీ. ప్రాంతం. 1990 నవంబరులో ప్రారంభమైన ఆ విమానాశ్రయానికి రెండు కిలోమీటర్లకు పైబడిన రన్‌వే కలదు. సత్యసాయిబాబా శతజయంతి ఉత్సవాల సందర్భంగా 2025 నవంబరులో ప్రధానమంత్రి, రాష్ట్రపతి వచ్చినప్పుడు దేశం దృష్టి అటు మళ్లినది. అయినా ముప్పైయైదు సంవత్సరాలలో అక్కడ నిత్యం నడిచే ప్రయాణిక విమానసేవ నిలకడగా సాగలేదు. ప్రముఖుల విమానాలు, ప్రత్యేక విమానాలే ఎక్కువ.

కారణం తెలియనిది కాదు. చేరువలో దేవనహళ్లి వంటి పెద్ద విమానాశ్రయం ఉన్నప్పుడు ప్రయాణికులు అటే పోతారు. అక్కడ రోజంతా విమానాలుంటాయి, ఒకటి తప్పితే మరొకటి దొరుకుతుంది, టికెట్టు ధరలలో పోటీ ఉంటుంది. 2021 మార్చిలో ప్రారంభమైన కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయం, 2015 జూన్‌లో ప్రారంభమైన కడప విమానాశ్రయం కూడా పావగడకు చాలా దూరం. కావున "దగ్గరలో విమానాశ్రయం" అన్న మాట కన్నా "దగ్గరలో నిత్యం ఎగిరే విమానం" అన్న మాటే సరైన కొలత.

భూమి మాట

విమానాశ్రయం కావాలని అడిగే ముందు భూమి లెక్క కూడా చూడవలసి ఉన్నది. దేవనహళ్లి విమానాశ్రయం విస్తీర్ణం సుమారు 4,000 ఎకరాలు. దాని చుట్టూ వచ్చిన పారిశ్రామిక వాడలకు మరెంతో భూమి పోయినది. దేవనహళ్లి తాలూకాలో ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు సేకరించాలన్న ప్రయత్నంపై రైతులు మూడేళ్లకు పైగా ఉద్యమించగా, 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను విరమిస్తున్నట్లు ప్రకటించారు. వెనువెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్, బెంగుళూరు చేరువలో 8,000 ఎకరాలు సిద్ధంగా ఉన్నవంటూ ఆ పరిశ్రమలను తమ రాష్ట్రానికి ఆహ్వానించారు. ఒక విమానాశ్రయపు నీడ రెండు రాష్ట్రాల పొలాలపై ఎట్లా పడుతుందో ఈ ఉదంతం తెలుపుతున్నది.

పావగడ రైతులకు భూమి అప్పగించిన అనుభవం కొత్త కాదు. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వెలసినది. 2018 మార్చి 1న దానిని ప్రారంభించారు. అక్కడ భూమిని కొనలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకున్నారు. పట్టా రైతు పేరనే ఉన్నది. విమానాశ్రయం అట్లా కాదు. రన్‌వే కింద పోయిన పొలం తిరిగి రాదు. సౌరకేంద్రాన్ని చూచి "మనకూ విమానాశ్రయం వస్తే బాగుండు" అనుకునే యువకులు ఈ తేడాను పెద్దల నుండి తెలుసుకోవడం మంచిది.

అడుగవలసినది ఏమిటి?

పై లెక్కలన్నీ ఒకే సంగతిని చెబుతున్నవి. పావగడకు కావలసినది తన పొలాలలో మరొక రన్‌వే కాదు. ఉన్న విమానాశ్రయానికి మూడు గంటల దారిని రెండు గంటలకు తగ్గించే రోడ్డు, బస్సు, రైలు.

మొదటిది బస్సు. పావగడ నుండి మడకశిర, హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా దేవనహళ్లి విమానాశ్రయానికి ఉదయం ఒకటి, రాత్రి ఒకటి నేరు బస్సు నడిపితే నాలుగు తాలూకాల ప్రజలకు ఉపయోగం. ఆ దారి రెండు రాష్ట్రాల గుండా పోతుంది గనుక రెండు రవాణా సంస్థలు కలిసి నిర్ణయించవలసిన విషయమిది. రెండు రాష్ట్రాల శాసనసభ్యులు ఒకసారి కూర్చుంటే తేలే పనికి కోట్ల రూపాయల ప్రతిపాదనలు అక్కరలేదు.

రెండవది రైలు. తుమకూరు, రాయదుర్గం మధ్య 200 కి.మీ. పైబడిన రైలుమార్గం 2007-08లోనే మంజూరైనది. కొరటగెరె, మధుగిరి, పావగడ, కల్యాణదుర్గం మీదుగా పోయే ఈ మార్గపు వ్యయాన్ని కేంద్రంతో పాటు రెండు రాష్ట్రాలు పంచుకోవాలి. రాయదుర్గం, కల్యాణదుర్గం వైపున కొంత భాగంలో రైలు నడిచినా, భూసేకరణ జాప్యం వలన పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నది. తుమకూరు లోక్‌సభ సభ్యుడు వి. సోమణ్ణ 2024లో రైల్వే సహాయమంత్రి అయిన తరువాత ఆశలు చిగురించినవి. పావగడకు రైలు వచ్చిన నాడు విమానాశ్రయం దూరం కూడా దానంతట అదే తగ్గుతుంది.

మూడవది రోడ్డు. రాష్ట్ర సరిహద్దు వద్ద ఒకవైపు బాగు చేసిన రోడ్డు మరొకవైపు గతుకులతో మొదలుకావడం ఈ ప్రాంతానికి అలవాటైన దృశ్యం. విమానంలో మిగుల్చుకున్న అరగంట ఆ గతుకుల్లోనే పోతున్నది.

కుటుంబాలకు ఒక లెక్క

ప్రభుత్వాలు కదిలే వరకు కుటుంబాలు తమ లెక్క తాము వేసుకోవలసిందే. దేశంలోపలి ప్రయాణమైతే టికెట్టుపై ఉన్న విమానకాలానికి ఆరు గంటలు, విదేశీ ప్రయాణమైతే ఏడెనిమిది గంటలు కలుపుకుంటే పావగడ గడప నుండి గమ్యం వరకు పట్టే కాలం దాదాపు తెలుస్తుంది. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే లగేజీ కౌంటరు మూసివేస్తారు. దారిలో టైరు పంక్చరైనా, రైలుగేటు పడినా తట్టుకునేలా మరొక గంట చేతిలో ఉంచుకోవడం వివేకం. బయటి నుండి వచ్చేవారి విషయంలో టికెట్టుపై ఉన్న దిగే వేళకు, విదేశమైతే అయిదు గంటలు, స్వదేశమైతే నాలుగు గంటలు కలిపి పల్లెలో చెప్పడం మంచిది.

శుభకార్యంలో ఆలస్యం సర్దుకుపోతుంది. ముహూర్తం దాటినా భోజనాల వేళకు చేరవచ్చు. చివరిచూపు విషయంలో సర్దుబాటు లేదు. ధ్రువం మీదుగా సగం భూగోళాన్ని పదిహేడు గంటలలో చుట్టి వచ్చిన కొడుకు, దేవనహళ్లిలో దిగిన తరువాత 140 కి.మీ. దారిలో ఆలస్యమై, తండ్రి చితి ఆరిన తరువాత ఇంటికి చేరితే, ఆ లోపం విమానానిది కాదు. ఆ చివరి మూడు గంటల దూరాన్ని తగ్గించడం రెండు రాష్ట్రాల బాధ్యత. దానిని ప్రతి ఎన్నికలోనూ, ప్రతి గ్రామసభలోనూ అడగడం సరిహద్దు ప్రజల హక్కు.